అర మైలు గుండ్రం, ఎనిమిదంగుళాల పైపు

రైలు స్టేషన్ చుట్టూ ఎత్తైన ఇళ్లకు అనుమతిచ్చే ప్లాను ఏ ఊరిది తీసి చూసినా అందులో ఒక గుండ్రం కనిపిస్తుంది. మధ్యలో స్టేషన్, చుట్టూ అర మైలు. మామూలు నడకకి పది నిమిషాల దూరం. వైశాల్యం లెక్కకడితే 502 ఎకరాలు. అమెరికాలోని హవాయి రాష్ట్ర రాజధాని హోనలూలు ప్లానుల్లోనూ ఇదే గుండ్రం, స్టేషన్‌కొకటి చొప్పున. కానీ ఆ ఊరున్న ఓఆహు ఒక దీవి. గుండ్రంలో సగం నీళ్లలో పడితే మిగిలేది 251 ఎకరాలే. మకలప స్టేషన్ దగ్గర గుండ్రంలో పెద్ద ముక్క పెర్ల్ హార్బర్ సైనిక స్థావరం కంచె అవతల ఉంది. లేలేపఉవ స్టేషన్ ఏకంగా విమానాశ్రయంలోనే ఉంది. అక్కడ విమానాల మోత, రన్‌వే చుట్టూ ఉండే ఎత్తు పరిమితులు కలిసి ఇళ్ల మాట ఎత్తనివ్వవు. ఈ గుండ్రాలన్నీ కూడి, "రైలు పక్కన ఇంత భూమి ఉంది" అని చెప్పే లెక్కని నేను నమ్మను.

నా వాదన ఒక్కటే. దీవిలో స్టేషన్ పక్కన ఎన్ని ఇళ్లు వస్తాయో తేల్చేది జోనింగ్ మ్యాపు (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో, ఎంత ఎత్తు కట్టొచ్చో చెప్పే పటం) మీది రంగు కాదు. ఆ వీధి కింద మురుగు పైపు ఎంత లావుందో, అది తేలుస్తుంది. ఎత్తు పెంచడానికి కౌన్సిల్‌లో ఓటు చాలు. పైపు మార్చడానికి వీధి తవ్వాలి, ఏళ్లు పడుతుంది, డబ్బు ఎవరిదన్న తగాదా తెగదు. సులువైనదాన్ని ముందు చేసి, కష్టమైనదాన్ని "బిల్డరు చూసుకుంటాడులే" అని వదిలేయడమే ఓఆహులో జరిగిన పొరపాటు.

రైలు సంగతి క్లుప్తంగా. 2008లో ఓటర్లు ఒప్పుకున్నారు, 2011లో శంకుస్థాపన అయింది. కేంద్ర ప్రభుత్వం 155 కోట్ల డాలర్లు ఇస్తానని 2012లో సంతకం పెట్టింది. మిగతాది ప్రధానంగా 2007 నుంచి దీవిలో వసూలు చేస్తున్న అర శాతం అదనపు పన్ను. సుమారు 500 కోట్ల డాలర్లనుకున్న ఖర్చు 1,000 కోట్ల దరిదాపులకు చేరింది. డ్రైవరు లేకుండా స్తంభాల మీద నడిచే ఈ రైలు 2023 జూన్ 30న పడమట పొలాలున్న కపోలేయి వైపు నుంచి అలోహా స్టేడియం దాకా తొమ్మిది స్టేషన్లతో మొదలైంది. 2025 అక్టోబర్ 16న విమానాశ్రయం మీదుగా మిడిల్ స్ట్రీట్ దాకా మరో నాలుగు కలిశాయి. అసలు ఊరు, అంటే కలిహి, ఇవిలే, చైనాటౌన్, డౌన్‌టౌన్, ఇంకా మిగిలే ఉంది. ఈ వరస గుర్తుంచుకోండి. పొలాల వైపు ముందొచ్చింది, జనం కిక్కిరిసిన వైపు చివరికి మిగిలింది.

హవాయి భూచట్టం అమెరికాలో మిగతా రాష్ట్రాల తీరులో ఉండదు. 1961లోనే రాష్ట్రం మొత్తం భూమిని పట్టణ, వ్యవసాయ, సంరక్షణ భాగాలుగా విడగొట్టింది. రెండేళ్లకి గ్రామీణ భాగం కలిసింది. ఓఆహులో పట్టణ భాగం దాదాపు నాలుగో వంతే. వ్యవసాయ భూమిని పట్టణ భూమిగా మార్చాలంటే 15 ఎకరాల లోపైతే కౌంటీ (స్థానిక ప్రభుత్వం, ఓఆహులో నగరమూ కౌంటీ ఒకటే) చాలు, దాటితే తొమ్మిది మంది సభ్యుల రాష్ట్ర భూవినియోగ కమిషన్ దగ్గర కోర్టులో కేసు నడిచినట్టు విచారణ నడుస్తుంది. సాక్షులుంటారు, ఎదురు ప్రశ్నలుంటాయి. ఆరు ఓట్లు రావాలి. అది దాటాక కౌంటీ జోనింగ్, తరువాత సబ్‌డివిజన్ (భూమిని ప్లాట్లుగా విడగొట్టే అనుమతి), ఆపైన బిల్డింగ్ పర్మిట్. తీరానికి దగ్గరైతే మధ్యలో కోస్తా ప్రత్యేక నిర్వహణ ప్రాంతం పర్మిట్ కూడా. ఇంత కట్టుదిట్టం దేనికంటే, దీవిలో పోయిన పొలానికి బదులు పొలం దొరకదు. ఆ మాట నిజమే. అందుకే "పక్కకి కాదు, పైకి పెరుగుదాం, రైలు పక్కనే పెరుగుదాం" అన్నది ఇక్కడ గట్టి సిద్ధాంతం.

ఆచరణ దీనికి తలకిందులుగా నడిచింది. రైలు పేరు మీద అందరికంటే ముందు ఇళ్లు లేచింది కపోలేయి దగ్గరి హోఓపిలిలో, చక్కగా పండే పొలాల్లో. సుమారు 1,500 ఎకరాలు, 11,750 ఇళ్లు. 2012లో కమిషన్ ఒప్పుకుంది, 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని నిలబెట్టింది. అన్ని విచారణలు దాటాల్సిన పొలం ముందుకెళ్లి, ఏనాడో పట్టణ భాగంలో ఉన్న ఇవిలే వెనకబడటం వింతగా ఉంటుంది కానీ కారణాలు తేలిగ్గానే దొరుకుతాయి. హోఓపిలిలో యజమాని ఒక్కడు. వీధే కొత్తది కాబట్టి పైపు ఎంత లావు కావాలంటే అంత వేసుకోవచ్చు, తవ్వడానికి ట్రాఫిక్ ఆపక్కర్లేదు. ఇవిలే, దాని పక్కనున్న కపాలమల్లో యజమానులు వందల మంది. పైపులు పాతవి. కింద నేలలో పాత ఇంధన ట్యాంకుల నుంచి ఇంకిన పెట్రోలు కాలుష్యం. ఇంకాస్త కిందకెళితే ఉప్పునీరు. కాగితం మీద పొలానికి అడ్డంకులు ఎక్కువ, నేల మీద ఊరికి ఎక్కువ.

పైపు సంగతి కొంచెం విడమరచాలి. ఎందుకంటే జోనింగ్ చర్చల్లో ఇది చివరి పేరాలో వస్తుంది, అప్పటికి అందరూ లేచి వెళ్లిపోయి ఉంటారు. పాత ఇళ్ల వీధుల్లో మురుగు లైను సాధారణంగా ఎనిమిదంగుళాలది. మీరు నలభై ఫ్లాట్లు కట్టాలనుకుంటే ముందు మురుగు కనెక్షన్ దరఖాస్తు పెట్టాలి. ఇంజనీరు మీ గేటు ముందున్న పైపొక్కటే చూసి ఊరుకోడు. అక్కడి నుంచి పెద్ద లైనుకి, పంపింగ్ స్టేషన్‌కి, శుద్ధి కేంద్రానికి వెళ్లే దారంతా చూస్తాడు. ఎక్కడో మూడు వీధుల అవతల ఒక్క ముక్క చాలకపోయినా జవాబు "కుదరదు". పైగా చూసేది మామూలు రోజు ప్రవాహం కాదు. కుండపోత వాన రోజున పాత పైపుల పగుళ్లలోంచి వాననీరు చొరబడి ప్రవాహం అమాంతం పెరుగుతుంది. ఆ రోజు మ్యాన్‌హోల్ పొంగకూడదన్నదే లెక్క. అందుకే మామూలు రోజు సగం ఖాళీగా ప్రవహించే పైపు కూడా కాగితం మీద "నిండింది" అని వస్తుంది. మురుగు సముద్రంలోకి పొంగిన గొడవలతోనే 2010లో హోనలూలు నగరం కేంద్ర పర్యావరణ సంస్థతో కోర్టు ఒప్పందం కుదుర్చుకోవాల్సి వచ్చింది. దాని ప్రకారం పశ్చిమాన హోనౌలియులి శుద్ధి కేంద్రంలో రెండో దశ శుద్ధికి (సూక్ష్మజీవులతో మలినాలు తీసే దశ) గడువు 2024. ఊరి మురుగు వెళ్లే శాండ్ ఐలండ్ కేంద్రానికి గడువు 2035. ఇక్కడా పొలాల వైపే ముందు.

అసలు చిక్కు ఇంకోటుంది. మీరు మొదట కడితే ఆ చాలని ముక్క మార్చే ఖర్చు మీ నెత్తిన పడుతుంది. మార్చేటప్పుడు ఎనిమిది తీసి తొమ్మిది వేయరు, పన్నెండో పదిహేనో వేస్తారు. ఆ వెడల్పు మీ వెనక కట్టబోయే పదిమందికి ఉచితం. కాబట్టి ప్రతి యజమానీ పక్కవాడు ముందు కడతాడేమో అని చూస్తూ కూర్చుంటాడు. జోనింగ్ మారి అయిదేళ్లయినా వీధిలో ఒక్క క్రేనూ కనపడలేదంటే జనం "మార్కెట్ బాగాలేదు" అంటారు. చాలాసార్లు బాగాలేనిది మార్కెట్ కాదు, వంతులు వేసుకునే పద్ధతి లేకపోవడం. ఇంకో దెబ్బ కూడా తగులుతుంది. ఎత్తు పెరగగానే భూమి ధర ఆ కొత్త ఎత్తు మేరకు పెరిగి కూర్చుంటుంది, పైపు ఖర్చు అందులోంచి ఎవరూ తీసేయరు. తరువాత కొన్నవాడికి రెండూ మీద పడతాయి.

మంచినీళ్లదీ ఇదే కథ, కాకపోతే ఇంకా కఠినం. ఓఆహు తాగేది ప్రధానంగా భూగర్భ జలం. పక్క కౌంటీ నుంచి పైపు లాక్కుందామంటే పక్కన ఉన్నది పసిఫిక్. 2021 నవంబర్‌లో రెడ్ హిల్ దగ్గర నౌకాదళ ఇంధన నిల్వల నుంచి చమురు నీళ్లలో కలిసింది. మంచినీటి బోర్డు వెంటనే హలావ బావిని మూసేసింది. అది ఒక్కటే పట్టణ హోనలూలు నీటిలో అయిదో వంతు ఇచ్చేది. వాడకం తగ్గించుకోమన్నారు, పరిస్థితి ముదిరితే కొత్త మీటర్లు ఆపాల్సి రావచ్చని హెచ్చరించారు. జోనింగ్ మ్యాపులో ఒక్క గీత మారలేదు. కానీ స్టేషన్ల పక్కన ఎన్ని ఇళ్లు కట్టొచ్చన్న లెక్క ఒక్క వారంలో తలకిందులైంది.

ఇలా చేయొచ్చు కదా అని చూపించడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. డౌన్‌టౌన్ పక్కన కకాకో అక్కడే ఉంది. 1976లో రాష్ట్రం ఆ ప్రాంతాన్ని నగరం చేతిలోంచి తీసి ప్రత్యేక అభివృద్ధి సంస్థకి అప్పగించింది. గ్యారేజీలు, గోదాములు ఉన్న చోటు అది. ఆ సంస్థ టవర్ల కంటే ముందు వీధుల మీద పడింది. ముక్కలు ముక్కలుగా "మెరుగుదల జిల్లాలు" ప్రకటించి మురుగు, వరద కాలువ, మంచినీరు, రోడ్డు ఒకేసారి తవ్వి వేసింది. ఖర్చులో కొంత రాష్ట్రానిది, కొంత అక్కడి యజమానుల నుంచి వంతుల వారీగా వసూలు చేసింది. పైపు ఉంది కాబట్టి టవర్లు లేచాయి. అందులో ఎక్కువ భాగం డబ్బున్నవాళ్లకే దక్కాయన్న విమర్శ సరైనదే. 20,000 చదరపు అడుగులు దాటిన స్థలంలో అయిదో వంతు ఇళ్లు ఆదాయ పరిమితి ఉన్నవాళ్లకి అన్న నిబంధన ఉన్నా, ఆ పరిమితి ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 140 శాతం దాకా పోతుంది. పేదవాడికి అందేది కాదు. అదే కకాకోలో నడిమి భాగం, చిన్న చిన్న ప్లాట్లున్నది, ఆ పనుల్లోకి పూర్తిగా రాలేదు. అక్కడ ఇప్పటికీ కొన్ని వీధుల్లో ఫుట్‌పాత్ ఉండదు, వానొస్తే నీళ్లు నిలుస్తాయి. పెద్ద యజమానుల భూమికి పని తొందరగా జరిగింది, చిన్నవాళ్ల దగ్గర వంతుల గొడవలో ఆగింది. పద్ధతి తప్పని నేననను. చిన్న ప్లాటువాడు వంతు ఇప్పుడే కట్టక్కర్లేకుండా, అమ్మినప్పుడో కట్టినప్పుడో చెల్లించే వీలుంటే చాలా గొడవ తగ్గేది.

ఇప్పుడు పార్కింగ్. ఇందులో హోనలూలుని మెచ్చుకోవాల్సిందే. 2020 చివర్లో రైలు దారి పక్కన, ఊరి మధ్య చాలా చోట్ల "ఇన్ని ఇళ్లకి ఇన్ని కార్ల చోటు తప్పనిసరి" అన్న నిబంధన తీసేశారు. ఒక కారుకి స్లాటు, దాని ముందు దారి కలిపితే 300 నుంచి 350 చదరపు అడుగులు. 3,500 నుంచి 4,999 చదరపు అడుగుల ప్లాటులో పెరటి అదనపు ఇల్లు 2015 చట్టం ప్రకారం గరిష్ఠంగా 400 చదరపు అడుగులు. మనిషికీ కారుకీ ఇంచుమించు సమానమే! ఆ చట్టంలో పెరటి ఇంటికి ఒక కారు స్లాటు తప్పనిసరి, స్టేషన్‌కి అర మైలు లోపైతే అక్కర్లేదు. చిన్న ప్లాటులో ఇల్లు పట్టడానికీ పట్టకపోవడానికీ తేడా ఆ ఒక్క మినహాయింపే.

తీరం పక్కన పార్కింగ్ బాధ ఇంకా పెద్దది. నేల కింద కడదామంటే కొద్ది అడుగుల్లోనే నీళ్లు. తవ్వినంత కాలం పంపులు ఆడాలి, తోడిన నీళ్లు వదలడానికి వేరే పర్మిట్ కావాలి, ఆ నీళ్లలో పాత పెట్రోలు ఉంటే శుద్ధి చేశాకే వదలాలి. కట్టాక కూడా కింది నుంచి నీరు అడుగు నేలని పైకి నెడుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడి టవర్లకు కింద నాలుగయిదు అంతస్తుల కార్ల డబ్బా ఉంటుంది. రైలు దిగి నడిచేవాడికి ఎదురయ్యేది అంగళ్లు, గుమ్మాలు కాదు, చిల్లుల గోడ. నిబంధన పోయినా డబ్బా పోలేదు, ఎందుకంటే అప్పిచ్చే బ్యాంకు కార్ల చోటు ఎక్కడని అడుగుతుంది. స్లాటు ధరని ఇంటి ధరలో కలిపి అమ్మినంత కాలం కొనేవాడికి అది ఉచితంగానే కనిపిస్తుంది. విడిగా ధర చెబితే ఎంతమందికి నిజంగా కావాలో వెంటనే తేలుతుంది.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయను. రైలు ఊళ్లోకి చేరకుండా కారు చోటు తీసేస్తే ఆ కార్లన్నీ పక్క వీధుల్లో నిలుస్తాయి. ఇది జరుగుతుంది. వైఆవ స్టేషన్ దగ్గర 1,600 కార్లకు కట్టాల్సిన గ్యారేజీని 2022లో ఖర్చు తగ్గించే పనిలో పక్కన పెట్టారు. మధ్య ఓఆహు నుంచి వచ్చేవాళ్లు కారు ఆపి రైలెక్కడానికి అనుకున్న చోటు అది. దానికి మందు ప్రతి కొత్త ఇంటికీ స్లాటు కట్టించడం కాదు, స్టేషన్‌కి వచ్చే బస్సు పది నిమిషాలకొకటి ఉండటం, వీధి పార్కింగ్‌కి రుసుము పెట్టడం. రెండోది ఏ కౌన్సిలరూ ఇష్టంగా ఎత్తే మాట కాదు.

ఎత్తు బోనస్‌ల దగ్గర నాకు అసలు కోపం. రైలు వస్తుంది కదా అని, పూర్తి స్టేషన్ ప్లాను ఆమోదం పొందకముందే, కకాకోకి తూర్పున ఉన్న అలా మోఆనా ప్రాంతం చుట్టూ తాత్కాలిక పర్మిట్ల మీద 400 అడుగుల దాకా టవర్లకు వీలిచ్చారు. బదులుగా కొన్ని అందుబాటు ధర ఇళ్లు, కొంచెం బహిరంగ స్థలం. 2022లో రైలు దారిని కుదించారు. 20 మైళ్లు, 21 స్టేషన్లు అనుకున్నది 18.9 మైళ్లు, 19 స్టేషన్లయింది, చివరి స్టేషన్ సివిక్ సెంటర్. ఎగిరిపోయిన రెండు స్టేషన్లు కకాకో తూర్పున ఒకటి, అలా మోఆనాలో ఒకటి. రైలు పేరు చెప్పి ఎత్తు తీసుకున్న చోటికి రైలు మైలుకి పైగా ముందే ఆగిపోతోంది. ఎత్తు ఇచ్చేశాం, వెనక్కి తీసుకోలేం. బోనస్ ఇచ్చేటప్పుడు రెండు షరతులు రాసుకుంటే సరిపోయేది. స్టేషన్‌కి నిర్మాణ కాంట్రాక్టు సంతకమయ్యాకే అదనపు అంతస్తులు. అప్పటిదాకా మామూలు ఎత్తుకి ఏ విచారణా లేకుండా నేరుగా పర్మిట్. రెండోది ముఖ్యం, ఎందుకంటే ఆరేడు అంతస్తులకి విచారణ లేదంటే చాలామంది నలభై అంతస్తుల జోలికే పోరు.

చిన్న కట్టడాల దారి నిజానికి ఉంది. 2019లో వచ్చిన నిబంధన ప్రకారం 20,000 చదరపు అడుగులు మించని ప్లాటులో, 60 అడుగుల ఎత్తు లోపు, అందుబాటు అద్దె ఇళ్లు కడితే పార్కింగ్ అక్కర్లేదు, చాలా కొలతలు సడలిస్తారు. వైపహులాంటి పాత చెరకు తోటల ఊరికి ఇది సరిగ్గా సరిపోతుంది. అక్కడ ప్లాట్లు చిన్నవి, నలుగురు యజమానుల్ని కలిపితే గానీ టవరు లేవదు. లిఫ్టు లేకుండా మెట్లతో కడితే ఖర్చు బాగా కలిసొస్తుంది. కేంద్ర చట్టం ప్రకారం లిఫ్టు లేని భవనంలో వికలాంగులకు అనువుగా ఉండాల్సినవి కింది అంతస్తు ఇళ్లే. కానీ చిన్న బిల్డరు తట్టుకోలేనిది ఆలస్యం. పెద్ద సంస్థ ఏడాది వడ్డీ మోస్తుంది, పన్నెండు ఫ్లాట్లు కట్టేవాడు మునుగుతాడు. ప్లాను ఆమోదం నెలలు సాగాక పైపు చాలదని తేలితే అతని పని అక్కడితో సరి.

సముద్రం గురించి రెండు మాటలు. రాష్ట్రం 2017 నుంచి 3.2 అడుగుల పెరుగుదలని ప్లానుల్లో లెక్కలోకి తీసుకుంటోంది. తీరం నుంచి వదలాల్సిన దూరాన్ని 2024 జులై నుంచి పెంచారు. ఇవన్నీ అల పైనుంచి వస్తుందన్న ఊహతో గీసిన గీతలు. ఊళ్లో నీరు కింది నుంచి వస్తుంది. ఆహువ స్టేషన్‌కి దగ్గరలోని మాపునాపున వెళ్లి చూడండి. చుక్క వాన లేని మిట్టమధ్యాహ్నం, పెద్ద పోటు ఉన్న రోజున, వరద కాలువ జాలీల్లోంచి ఉప్పునీరు పైకొచ్చి వీధిలో నిలుస్తుంది. వెనక్కి రాకుండా కాలువ మూతికి రబ్బరు కవాటాలు బిగించాల్సి వచ్చింది. నాచు, గవ్వలు పట్టి మూత సరిగ్గా మూసుకోకపోతే నీళ్లు మళ్లీ వస్తాయి. ఇలాంటి చోట మురుగు పైపు పగుళ్లలోకి పోటు నీరు కూడా చేరుతుంది, అంటే పైన చెప్పిన "నిండిన" లెక్క ఏటికేడు ఇంకా బిగుస్తుంది. స్టేషన్ ప్లాట్‌ఫారం ముప్పై అడుగుల ఎత్తున పొడిగానే ఉంటుంది. దిగాక నడిచే వీధి సంగతి ఎవరిది?

తవ్వకంలో ఇంకోటి బయటపడుతుంది, స్థానిక హవాయియన్ల పూర్వీకుల అస్థికలు. 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు రైలు పనిని ఏడాది పైగా ఆపించింది. కారణం, దారి పొడవునా పురావస్తు సర్వే పూర్తి కాకుండానే పని మొదలుపెట్టడం. సర్వేలో ముందే దొరికితే ఏం చేయాలో దీవి సమాధుల మండలి తేలుస్తుంది, వంశీకులు మాట్లాడటానికి వేళ ఉంటుంది. పొక్లెయిన్ పంటికి తగిలి దొరికితే నిర్ణయం రాష్ట్ర చారిత్రక పరిరక్షణ విభాగానికి, అదీ హడావుడిలో. ఇది ఆలస్యం గురించిన లెక్కగా మాత్రమే చూసేవాళ్లంటే నాకు పడదు. కానీ ఆ లెక్కలో చూసినా ముందే వెతకడమే చవక.

పరిష్కారం నమూనా హోనలూలు దగ్గరే ఉంది, చాలా చిన్న రూపంలో. పెరటి ఇల్లు కట్టేవాడు ప్లాను గీయించకముందే "ప్రజా సదుపాయాల ముందస్తు తనిఖీ" అనే ఫారం నింపాలి. మురుగు పైపు చాలుతుందా, మంచినీరు చాలుతుందా, ఫైరింజన్ పట్టే రోడ్డుందా. ఒక్కో శాఖ అవునో కాదో రాస్తుంది. కాదంటే డిజైన్ ఫీజు దండగ కాకముందే తెలిసిపోతుంది. 400 చదరపు అడుగుల ఇంటికి ఉన్న ఈ మర్యాద 500 ఎకరాల స్టేషన్ ప్రాంతానికి లేదు. ఎత్తు మార్చే తీర్మానం కౌన్సిల్ ముందుకొచ్చే రోజునే ఇదే ఫారం స్టేషన్ మొత్తానికి నింపి జతచేయాలి. ఏ వీధి పైపు ఎన్ని ఇళ్లకు చాలుతుంది, చాలని ముక్క ఎక్కడుంది, మార్చడానికి ఎంత, ఎవరి వంతు ఎంత. గుండ్రం బదులు కంచెలు, కాలువలు, హైవేలు తప్పించుకుంటూ మనిషి నిజంగా పది నిమిషాల్లో నడవగలిగిన దారుల మ్యాపు. 2024లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం ప్రతి ఇళ్ల ప్లాటులో కనీసం రెండు అదనపు ఇళ్లకు వీలిచ్చే నిబంధనలు కౌంటీలు 2026 డిసెంబర్ 31 లోపు తేవాలి. ఆ ఇళ్ల మురుగు కూడా వెళ్లేది ఈ ఎనిమిదంగుళాల పైపుల్లోకే.